నాయినను కల్లు ఎట్ల మాన్పియ్యాలె? తాగేటోళ్ల మీటింగులు మన ఊర్లల్ల నడుస్తయా?

వంగూరు_చిన్నోడు
జర పెద్దగ రాస్తున్న, ఓపికుంటే చదవుండ్రి. మా నాయిన యాభై దాటిండు, మేస్త్రి పని. నాకు తెలివొచ్చినప్పటి సంది కాంపౌండు సీసా కల్లే తాగుతడు, బ్రాందీ విస్కీ ముట్టడు, అందుకే ఇంట్ల ఎవ్వలం దాన్ని తాగుడు లెక్కల వెయ్యలే. పోయిన నెల ఆబ్కారోళ్లు వచ్చి శాంపిళ్లు తీస్కపోయిండ్రు, కాంపౌండు బందయింది. మొదటి రోజు తిట్లు, రెండో రోజు చేతులు వణుకుడు, ఆ రాత్రి లేని మేకలను అదిలిస్తుండు, అగో దొడ్లెకెల్లి పోతున్నయ్ పట్టుండ్రి అని. తెల్లారుజామున ఫిట్స్ వచ్చినయ్. 108ల ఏస్కోని పెద్దాస్పత్రికి పోయినం. కొన్ని దినాలు ఉంచుకోని పంపిండ్రు, మనిషి మంచిగయ్యిండు, కడుపునిండ తిన్నడు, మా చెల్లె బిడ్డను ఎత్తుకోని ఊరంత తిరిగిండు. కాంపౌండు తెరిసిన రోజే మల్ల పోయిండు.

అమ్మ ఇడిసిపెట్టుమంటది, గీ వయసుల ఏం మారుతడు అంటది. హైదరాబాద్ల నా రూమ్మేట్ చెప్పిండు, తాగేటోళ్లే ఒక్కకాడ కూసోని వాళ్లవాళ్ల ముచ్చట చెప్పుకునే మీటింగులుంటయంట, పైసలు తీస్కోరంట. నాయినకు చెప్తే "నా బతుకు పది మంది ముందట ఇప్పి పెట్టాల్నా, నీకు సిగ్గు లేదా" అని లేచిపోయిండు. ఆయన అన్నదాంట్ల తప్పు కూడ ఏమున్నది, పొద్దున ఏం కూర వండినమో మాపటికల్ల ఊరందరికి ఎరికయ్యే ఊరు మాది. ఎవలన్న గసొంటి మీటింగులకు పోయినోళ్లున్నరా? పనిచేస్తదా? కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు ఏమన్న ఉన్నయా?

గుట్టకింది_పిలగాడు
కాంపౌండు బంద్ వెడితే ఒక లొల్లి, తెరిస్తే ఇంకో లొల్లి

మోకు_ముస్తాదు
తమ్మీ, ఫస్టు ఆ సీసాల ఉన్నదాన్ని కల్లు అనకు, మాకు కడుపు మండుతది. మా తాత ఎక్కిండు, మా బాపు ఎక్కిండు, బాపు తాడి మీదికెల్లి పడి నడుము ఇరగ్గొట్టుకున్నడు. చెట్టు కల్లు పొద్దుగాల దించితే మాపటికల్ల పులుస్తది, తెల్లారితే నోట్ల వెట్టరాదు. మరి వానకాలం లేదు ఎండకాలం లేదు, తాళ్లు ఈదులు నరికి ప్లాట్లు చేసిన ఊర్లల్ల కూడ గిన్ని సీసాలు యాడికెల్లి వస్తున్నయ్? నీళ్లల్ల శాక్రిన్ ఏసి, డైజోఫామో ఆల్ప్రాజోలమో క్లోరల్ హైడ్రేటో, గసొంటి నిద్ర మత్తు మందులు కలిపి అమ్ముతున్నరు. మీ నాయిన అలవాటు పడ్డది గోలీలకు. చెట్టు కల్లు రెండు రోజులు దొరక్కపోతే ఎవ్వడు లేని మేకలను అదిలియ్యడు.

జడ్చర్ల_జంక్షన్
ముస్తాదన్నా, చెట్టు కల్లు తాగి బావిల పడ్డోళ్లు మా ఊర్ల ఉన్నరు. స్వచ్ఛమైన కల్లు తాగి స్వచ్ఛంగ పడ్డరు 😄

మోకు_ముస్తాదు
తాగి పడుడు వేరే, మానితే ఫిట్స్ వచ్చుడు వేరే. సమజ్ గాకుంటే ఊకో.

వార్డు_సిస్టర్
జడ్చర్ల తమ్ముడూ నవ్వులాట జర పక్కకు వెట్టు. ముస్తాదన్న చెప్పిందే అసలు ముచ్చట, నేను వార్డుల చూసిన దాన్ని కాబట్టి చెప్తున్న. ఇంటోళ్లు వచ్చి ఏం చెప్తరంటే "మందు అలవాటు లేదు సార్, కల్లే" అంటరు. ఆ మాటతోని డాక్టరుకు సగం సంగతి దాసిపెట్టినట్టే. కాంపౌండు సీసా కల్లు, ఎన్ని ఏండ్ల సంది, రోజుకెన్ని సీసాలు, ఆఖరుసారి ఎప్పుడు తాగిండు, గివి నాలుగు ఖచ్చితంగ చెప్పుండ్రి. ఆల్ప్రాజోలం లాంటియి ఏండ్లకేండ్లు అలవాటైనంక ఒక్కసారి ఆపితే ఫిట్స్ వస్తయ్, లేనియి కనవడ్తయ్, పాణం మీదికి వస్తది. డైజోఫాం అయితే ఒంట్లకెల్లి మెల్లగ పోతది కాబట్టి వారం దాటినంక కూడ రావచ్చు. బ్రాందీ, గుడుంబా అయినా తక్కువేం కాదు, ఆపినంక మొదటి రెండు దినాల్ల ఫిట్స్, రెండు నుంచి నాలుగు దినాల మధ్యల మతి తప్పుడు.

2015 సెప్టెంబర్ల ఆబ్కారోళ్లు గట్టిగ దాడులు చేసినప్పుడు పాలమూరు, నిజామాబాద్ దిక్కు జనం ఆస్పత్రులకు వరుస కట్టిండ్రు, హైదరాబాద్ల ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి దాక పోయిండ్రు. వాళ్లు తాగి రాలే, తాగేది దొరక్క వచ్చిండ్రు. కాబట్టి చిన్నోడా, "రేపటి సంది బంద్" అని మీ నాయిన తోని ఒట్టు వేయించుకోకు, గుడికాడ దారం కట్టియ్యకు. మానసిక వైద్యుల ఓపీకి తీస్కపో. వాళ్లు దానికి బదులు ఒక మందు లెక్కవెట్టి ఇచ్చి వారాల తరబడి తగ్గించుకుంట వస్తరు. అది గాని మీరు మీ అంతట మీరు మెడికల్ షాపుల కొని ఇయ్యొద్దు.

ఇంకోటి, మన దగ్గర వణుకు రాంగనే ఆర్ఎంపీ కాడ గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తరు కద. ఏండ్ల సంది తాగేటోళ్ల ఒంట్ల బీ1 విటమిన్ ఉండదు. బీ1 ఇయ్యకుంట ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు మీద దెబ్బ పడుతది, నడక తప్పుతది, మతిమరుపు వస్తది. "బీ1 ఏసిండ్రా" అని అడగడానికి సిగ్గువడొద్దు.

గుట్టకింది_పిలగాడు
మా ఆర్ఎంపీని ఇది అడిగితే నాకే సూది ఏస్తడు

పెద్దవాగు
ఇంత దూరం ఎందుకు. మా చుట్టాలల్ల ఒకామె మొగనికి తెల్వకుంట కూరల గోలీ కలిపి పెట్టింది, తాగంగనే కక్కుకున్నడు, భయానికి మానేసిండు. మెడికల్ షాపుల దొరుకుతయ్. చెప్పకుండ పెట్టుడే మంచిది, చెప్తే మింగరు.

వార్డు_సిస్టర్
పెద్దవాగు అన్నా, ఆ పోస్టు చూసి ఇంకెవలన్న చేస్తరని నాకు భయమైతుంది. అది డైసల్ఫిరామ్. అది ఒంట్ల ఉండంగ తాగితే మొఖం ఎర్రగయితది, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోతది, పాణం పోయినోళ్లు ఉన్నరు. గోలీ ఆపినంక కూడ రెండు వారాల దాక దాని పని ఉంటది. మింగే మనిషికి తెలిసి, ఒప్పుకోని, డాక్టరు లివరు గుండె చూసి ఇయ్యాల్సిన మందు అది. తెల్వకుంట పెడితే ఆయన మామూలుగ క్వార్టర్ ఏస్తడు, తెల్లారి మీ చుట్టపామె పోలీస్ స్టేషన్ల ఉంటది. పైగ కాంపౌండు కల్లుల గోలీల మత్తుకు అది ఏం చెయ్యదు.

పెద్దవాగు
మరి ఆమెకు పనిచేసింది కదా

సంఘం_అక్క
పనిచేసిందని ఎవలు చెప్పిండ్రు, ఆమెనా ఆయననా? నాకు తెలిసిన ఇంట్ల ఆయనకు కూర మీద అనుమానం వచ్చి అప్పటి సంది ఇంట్ల తింటలేడు, హోటల్ల తిని తాగొస్తుండు. అన్నం వెట్టే చెయ్యి మీద నమ్మకం పోతే ఇగ ఏం మిగిలింది.

ఎర్రబస్సు
చిన్నోడు అడిగింది మీటింగుల గురించి, అందరం మందుల మీద పడ్డం. నేను పోతున్న, కాబట్టి చెప్త. నకిరేకల్ దిక్కు మనిషిని, ఇంతకన్న నా వివరం చెప్ప, అది ఆడ పద్ధతి కూడ. ఆల్కహాలిక్స్ అనానిమస్ అంటరు, ఏఏ. 1935ల అమెరికాల ఓహియో రాష్ట్రం ఏక్రన్ అనే ఊర్ల ఒక షేర్ల దళారీ, ఒక ఆపరేషన్లు చేసే డాక్టరు, ఇద్దరు తాగుబోతులే, కల్సి మొదలువెట్టిండ్రు. డాక్టరును దారికి తెచ్చింది డాక్టరీ సదువు కాదు, ఇంకో తాగుబోతు ఎదురుంగ కూసోని తన కథ చెప్పుడు.

ఆడ ఏముంటది అంటే ఏం ఉండదు. కుర్చీలు, చాయ్. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రారు, సలహా ఇయ్యరు, "గట్ల ఎందుకు చేసినవ్" అనరు. పేరు అడగరు, ఇంటిపేరు అసలే అడగరు, రిజిస్టరు ఉండదు. ఫీజు లేదు, చివరికి ఒక డబ్బా తిరుగుతది, ఇష్టమున్నోళ్లు పదో ఇరవయ్యో ఏస్తరు, బయట నుంచి చందా తీస్కోరు, లీడర్ల పైసలు అసలే తీస్కోరు. తాగుడు మానాలని కోరిక ఉంటే చాలు, గంతే అర్హత.

నేను మొదటిసారి పోయినప్పుడు వెనక కూసున్న, నోరు తెర్వలే. ముందట ఒకాయన చెప్తుండు, బిడ్డ ఫీజు పైసలు తాగి, స్కూల్ల ఫీజు కట్టిన అని ఇంట్ల చెప్పి, బిడ్డను ఎండల నిలవెడితే కూడ నిజం చెప్పలేకపోయిన అని. ఇంట్ల వాళ్లు, సర్పంచు, మామ, పాస్టరు, అందరు చెప్పిండ్రు నాకు తాగొద్దని. తాగొద్దని ఒక్క మాట కూడ అనకుంట నా సంగతి నాకు చెప్పినోడు ఆయనొక్కడే.

ఇగ అసలు పని మీటింగుల కాదు, మీటింగు అయినంక. నీకన్న ముందు మానిన ఒక మనిషి నంబరు ఇస్తడు. పొద్దుమూకే యాళ్ల నోరు పీకుతది కద, అప్పుడు ఫోన్ చెయ్యాలె. మా మరదలి పెండ్లి బరాత్ల అందరు ఊగుతుంటే నేను ఫంక్షన్ హాల్ బాత్రూంల నిలవడి ఆయనతోని మాట్లాడిన, ఆయన ఆడ పొలంకాడ మోటరు రిపేరు చేస్తుండు, మోటరు ముచ్చటే చెప్పిండు చానసేపు. గండం దాటింది.

దేవరకొండ_మాస్టారు
ఎర్రబస్సు గారూ, మీ అనుభవాన్ని తీసిపారేయడం లేదు, కానీ నాకు రెండు అనుమానాలు. మానడానికి వాళ్లు పాటించే పద్ధతిని పన్నెండు మెట్లు అంటారు, వాటిలో దేవుడి మాట పదే పదే వస్తుంది. తాగుడు జబ్బు అయితే దానికి దేవుడెందుకు, డాక్టరు చాలు కదా. రెండోది, మానినవాళ్లే వచ్చి చెప్తారు, మానలేనివాళ్లు రారు, మరి పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది?

ఎర్రబస్సు
మాస్టారూ, "మేము అర్థం చేసుకున్న విధంగా దేవుడు" అని రాసి ఉంటది. మా గ్రూపుల నమాజ్ చేసేటోళ్లు ఉన్నరు, చర్చికి పోయేటోళ్లు ఉన్నరు, ఏది నమ్మని కామ్రేడ్ ఒకాయన ఉన్నడు, ఆయన "నాకు ఈ గ్రూపే దేవుడు" అంటడు. మనిషికి కావాల్సింది నా చేతుల లేదు అని ఒప్పుకునుడు. నాకు మాత్రం ఏండ్ల తరబడి "నేను ఎప్పుడంటే అప్పుడు మానుత" అనే మాటే కొంప ముంచింది.

నల్లమల_రాత్రి
మాస్టారి రెండో ప్రశ్నకు జవాబు ఉంది. కోక్రేన్ అని వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే సంస్థ 2020ల దీని మీద చూసింది, 27 అధ్యయనాలు, పదివేల పైచిలుకు మనుషులు. పూర్తిగ మానుడు విషయంల మనిషిని ఏఏకు జత చేసే చికిత్స వేరే చికిత్సలకు సమానంగనో ఇంకా మెరుగుగనో వచ్చింది. కానీ అవి చానమట్టుకు అమెరికా లెక్కలు, ఆడ తాగేది వేరే. కాంపౌండు కల్లు తాగే మన పాలమూరోనికి నేరుగ అతికియ్యలేం.

దేవరకొండ_మాస్టారు
ఇది పనికొచ్చే మాట. డాక్టరు బదులు కాదు, డాక్టరుతో పాటు అన్నమాట. అలాగైతే అభ్యంతరం లేదు.

జడ్చర్ల_జంక్షన్
మాస్టారు ఒప్పుకున్నరు, ఈ రోజు వాన పడ్తది

సంఘం_అక్క
నేను ఇంకో దిక్కుకెల్లి చెప్త. మీరంత తాగేటోళ్ల గురించే మాట్లాడుతున్నరు, ఇంట్ల ఉన్నోళ్ల సంగతి ఎవలు అడుగలే. చిన్నోడా మీ అమ్మ "ఇడిసిపెట్టు" అన్నది కద, ఆమెకు మనసు లేక అన్లే, అలిసిపోయి అన్నది.

సారా మీద ఆడోళ్ల లొల్లి పెద్దోళ్లకు యాదికుంటది, 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల లేచింది, 1993 అక్టోబర్ల సారా బంద్ అయింది, 1995ల మొత్తం మద్యమే బంద్ వెట్టిండ్రు, 1997ల ఎత్తేసిండ్రు. మా దిక్కు గుడుంబా వచ్చి కూసున్నది. మొన్న మొన్నటి దాక మా సంఘపోళ్లం కూడ బెల్టు షాపుల మీద పడ్డం, కిరాణం కొట్ల సబ్బుల వెనక సీసాలు తీసి రోడ్డు మీద వలగ్గొట్టినం, జుర్మానా ఏసినం. ఏమైంది, షాపు పక్క తండాకు మారింది, మొగోళ్లకు పెట్రోలు ఖర్చు కలిసింది.

అందుకే ఇప్పుడు చేసేది ఏందంటే, పొదుపు పైసలు కట్టి బుక్కు రాసినంక అందరు పోతరు, మేం కొందరం ఆగుతం. ఎవలింట్ల ఏం జరిగిందో చెప్పుకుంటం. తీర్పు చెప్పం, మొగని మీద పంచాయితి పెట్టం. ఎర్రబస్సన్న చెప్పిందాన్ని చదివితే మేం చేసేది గదే అని తెలిసింది. తాగేటోళ్ల ఇంటోళ్లకు కూడ గిట్ల వేరేగ ఉంటదంట కద?

ఎర్రబస్సు
ఉంటది అక్కా, అలానాన్ అంటరు, 1951ల మొదలువెట్టిండ్రు, దాన్ని కూడ తాగేటోళ్ల భార్యలే పెట్టిండ్రు. వాళ్లు ముందుగాల చెప్పేది మూడు మాటలు, ఈ తాగుడు నా వల్ల రాలే, నేను ఆపలేను, నేను నయం చెయ్యలేను.

సంఘం_అక్క
గది నేను ఎన్నేండ్లకు తెలుసుకున్ననో. మా ఆయన ఇంకా తాగుతుండు అన్నా. నేను మాత్రం రాత్రి నిద్రపోతున్న. ఇదివరకు ఆయన వచ్చే దాక గేటు కాడ నిలవడేది, ఎన్ని తాగినవ్ అని అడిగేది, ఆయన అబద్ధం చెప్పేది, మల్ల కొట్లాట. ఇప్పుడు అన్నం మూతవెట్టి పండుకుంట. పైసలు మాత్రం నా ఖాతాలనే ఉంటయ్, అది ఇడువ.

భీవండి_సాంచా
చండూరు దిక్కు మాది, ఈడ భీవండిల బట్టలు నేసే సాంచాల మీద నైటు డ్యూటీ. మాకు మీటింగు లేదు, ఏం లేదు, రూముల మా దిక్కు పిలగాండ్లమే ఉంటం. పగారు రోజే ఖతం అయ్యేది ఇదివరకు. మా రూమోళ్లల్ల ఒకడు కొత్త రూలు పెట్టిండు, పగారు చేతికి రాంగనే అందరం కల్సి పోయి ఊరికి పైసలు కొట్టినంకనే రూముకు రావాలె, ఫోన్ల ఇంటికి ముట్టిందని మెసేజ్ చూపియ్యాలె. చూపియ్యనోనికి ఆ రోజు కూర లేదు. నవ్వులాటకు మొదలువెట్టినం గాని మానినోళ్లు మానిండ్రు, మాననోళ్లు సగం చేసిండ్రు.

జడ్చర్ల_జంక్షన్
కూర బంద్ అంటే ఎవడైనా మారుతడు, ఇది ఏఏ కన్న గట్టిగుంది

కందనూలు_బిడ్డ
మా తమ్మున్ని ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల ఏసినం, పేరు చెప్ప. నెలలకు నెలల పైసలు ముందే కట్టించుకున్నరు. ఫోన్ల మాట్లాడనియ్యలే. ఇంటికొచ్చినంక అంగీ ఇప్పితే ఈపు మీద వాతలు. వచ్చిన వారంల మల్ల మొదలువెట్టిండు, ఇప్పుడు మా మీద కోపం కూడ కలిసింది. చిన్నోడు అన్నా జర చూసుకో, ఎవలన్న "గ్యారంటీ" అంటే పోకు.

నల్లమల_రాత్రి
2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసులు ఏసుడు నేరం. సెంటర్లకు రిజిస్ట్రేషన్ ఉండాలె, అది అడిగి చూడాలె. మనిషిని చూడనియ్యం, ఫోన్ల మాట్లాడనియ్యం అన్నరంటే అక్కడికెల్లి ఎనకకు తీస్కరావాలె.

లాస్ట్_ఓవర్
ఇది తాగుడు ముచ్చట అని తెలుసు, కానీ చదివినంక ఆగలేకపోతున్న. నాకు మందు అలవాటు లేదు, సిగరెట్ కూడ లేదు, ఇంట్ల అందరు బుద్ధిమంతుడు అంటరు. నాది ఫోన్. ముందు రమ్మీ, తర్వాత క్రికెట్ బెట్టింగ్. 2017ల మన రాష్ట్రంల ఆన్‌లైన్ల పైసల ఆట బంద్ వెట్టిండ్రు, 2025ల కేంద్రం కూడ చట్టం చేసింది, అయినా టెలిగ్రాంల లింకులు వస్తనే ఉంటయ్. లోన్ యాప్లు, దోస్తుల కాడ, అక్క బంగారం కూడ పెట్టిన, ఆమెకింక తెల్వదు. తాగినోని కాడ వాసన వస్తది, నా కాడ ఏం వాసన వస్తది, ఎవ్వలకు తెల్వది. కొన్ని రాత్రులు అసలు ఎందుకు బతకాలె అనిపిస్తది. మీ మీటింగుల నా లాంటోడు కూసోవచ్చా?

సంఘం_అక్క
బిడ్డా, ఇప్పుడు యాడున్నవ్? ఒక్కనివేనా? పక్కన ఎవలన్న ఉన్నరా?

వార్డు_సిస్టర్
తమ్ముడూ ఈ పోస్టు చూడంగనే 14416కు ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటరు, సర్కారుది, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు, పైసలు లేవు. నేను నీకు ప్రైవేటుగ మెసేజ్ పెట్టిన, దానికి జవాబు ఇయ్యి. అప్పు సంగతి తర్వాత, ముందు ఈ రాత్రి.

ఎర్రబస్సు
నువ్వు పైసలు తీర్చే దారి అడుగలే, కూసోవచ్చా అని అడిగినవ్. కూసోవచ్చు. బయటోళ్లు రావచ్చు అనే ఓపెన్ మీటింగులు ఉంటయ్. బెట్టింగోళ్లకు వేరేగ గ్రూపులు కూడ ఉన్నయ్, పట్నంల కనుక్కుంట. మా గ్రూపుల ఒకాయనకు తాగుడు పోయి రమ్మీ అంటుకున్నది, ఆయనతోని మాట్లాడిపిస్త.

లాస్ట్_ఓవర్
సిస్టర్ ఫోన్ చేసిన. ఎత్తిండ్రు. చానసేపు మాట్లాడిన. బావ ఇంటికి వచ్చి పండుకున్న, బావకు సగం చెప్పిన.

సంఘం_అక్క
సగం చాలు ఇవ్వాల్టికి. అక్క బంగారం ముచ్చట కూడ మెల్లగ చెప్పు, నువ్వు చెప్పుడు వేరే, ఆమె బీరువా తెరిసి చూసుడు వేరే.

అడ్మిన్_పాలపిట్ట
ఊరు పేరు, మనిషి పేరు, సెంటరు పేరు ఎవలు రాయకుండ్రి. నంబర్లు ప్రైవేటుగనే ఇచ్చుకోండ్రి. మత్తు అలవాట్లకు సర్కారు హెల్ప్‌లైన్ 14446 కూడ ఉన్నది, ఈ రెండు నంబర్లు పైన పిన్ చేసిన. జడ్చర్ల_జంక్షన్, నువ్వు జర తగ్గు.

జడ్చర్ల_జంక్షన్
తగ్గిన. లాస్ట్ ఓవర్ తమ్మీ, నేను కూడ ఆటల పోగొట్టుకున్నోన్నే, మెసేజ్ చెయ్.

వంగూరు_చిన్నోడు
కొన్ని రోజులు రాలేకపోయిన. సిస్టర్ చెప్పినట్టు నాయినను సైకియాట్రీ ఓపీకి తీస్కపోయినం. పిచ్చి డాక్టరు అంటే రాడని నిద్ర డాక్టరు అని చెప్పిన. కాంపౌండు కల్లు, ఎన్ని సీసాలు, అంతా చెప్పిన. డాక్టరు గోలీలు రాసి, తారీఖులు ఏసి, తగ్గించే లెక్క అమ్మ చేతికి ఇచ్చిండ్రు. సీసాలు కూడ ఒక్కసారి ఆపలేదు, డాక్టరు చెప్పిన లెక్కనే.

మీటింగు మాటెత్తితే మల్ల కోపమే. కానీ ఎర్రబస్సన్న ఫోన్ చేసిండు, ఆయన కూడ ఒకప్పుడు సెంట్రింగ్ పని చేసినోడంట. ఇద్దరు స్లాబు ముచ్చట వెట్టిండ్రు, కంకర రేటు, కాంట్రాక్టర్లు పైసలు ఎగ్గొట్టుడు, కూలీలు దొరక్కపోవుడు. తాగుడు మాటే రాలే. నాకు ఏం పనికొస్తదిది అనిపించింది. ఫోన్ పెట్టేసినంక నాయిన "మంచోడే, పని తెలిసినోడు, మల్ల చేస్తడా" అని అడిగిండు.

ఎర్రబస్సు
రెండోసారి మాట్లాడినప్పుడు ఆయననే అడిగిండు, నీకు కూడ చేతులు వణికేదా అని. ఇంతకన్న చెప్ప, అది ఆయనకు నాకు మధ్య.

మోకు_ముస్తాదు
మంచి ముచ్చట. కాని దసరా వస్తుంది, తర్వాత చావులు దినాలు ఎప్పుడూ ఉంటయ్. మన దిక్కు కల్లు సాక పొయ్యకుంట ఏ పని అయితది? పోసినోడు ఒక గుక్క తాగాల్నంటరు పెద్దోళ్లు. అప్పుడేం చేస్తడు?

దేవరకొండ_మాస్టారు
సాక దేవతకు పోయాలి, తాగమని దేవత అడిగిందా? పోసి పక్కకు జరగొచ్చు.

మోకు_ముస్తాదు
మాస్టారూ మీరు ఎప్పుడన్న దినాల కాడ కూసున్నరా? తాగకపోతే "సచ్చినోని మీద ప్రేమ లేదు" అంటరు. బావమర్దులు గల్ల పట్టుకోని పోస్తరు.

ఎర్రబస్సు
ముస్తాదన్న చెప్పింది నిజం, అది బయటోళ్లకు సమజ్ కాదు. నేను చేసేది ఏందంటే దావత్ కాడికి లేటుగ పోత, తొందరగ వస్త, నా బండి మీదనే పోత, చేతుల ఎప్పుడు ఒక గ్లాసు సల్ల పట్టుకోని ఉంట. ఖాళీ చెయ్యి కనవడితేనే పోస్తరు. దినాల కాడ వడ్డించే పని నేనే తీస్కుంట, వడ్డించేటోన్ని ఎవ్వలు కూసోమనరు. ఒక్క మనిషికి మాత్రం ముందే చెప్పిపెట్టాలె, మేనమామకో పెద్దబావకో, ఆయన అడ్డం నిలవడుతడు.

గుట్టకింది_పిలగాడు
వడ్డించే ఐడియా సూపర్ అన్నా. ముక్కలు కూడ మనకే

కైకిలి_లచ్చవ్వ
నా బిడ్డ రాస్తుంది, నేను చెప్తున్న. మీరంత నాయిన తాగుతడు, మొగడు తాగుతడు అని రాస్తున్నరు. నేను తాగుత. నాట్లు ఏసి నడుము ఇరిగి వచ్చి అందరం ఆడోళ్లం కాంపౌండు కాడ కూసుంటం, ఎన్కటికెల్లి ఉన్నదే. ఇప్పుడు తాగకపోతే తెల్లారి చేతుల నారు నిలుస్తలేదు. మొగోడు తాగితే జాలి, ఆడది తాగితే థూ అంటరు. ఆ మీటింగుల ఆడోళ్లు కూసుంటరా?

సంఘం_అక్క
అవ్వా, మా ఊర్ల నాకు తెలిసి చానమంది ఉన్నరు, ఒక్కరు నోరు తెర్వలే. నువ్వే చెప్పినవ్.

వార్డు_సిస్టర్
లచ్చవ్వా, నీ చేతుల వణుకు కూడ గోలీల వణుకే. బలవంతంగ ఆపకు, ముందు నాకు మెసేజ్ పెట్టించు, ఏ రోజు ఓపీ ఉంటదో చెప్త.

ఎర్రబస్సు
ఆడోళ్లు కూసుంటరు, కాని నిజం చెప్పాల్నంటే మా గ్రూపుల ఒక్కరే ఉన్నరు, ఆమె కూడ మొదట్ల బయట మెట్ల మీద కూసోని పోయేది. కొత్తది పెడితే మాత్రం మొదటి సంది ఆడోళ్లు ఉండెటట్టే పెట్టాలె.

వంగూరు_చిన్నోడు
మరి పెడదామా? కల్వకుర్తిల. పంచాయతీ ఆఫీసుల వద్దు, గుడి వద్దు, ఎవల ఇల్లు వద్దు. బస్టాండు పక్కన హోటల్ మీద రూము ఉంది, నాకు తెలిసినోళ్లదే. బస్టాండు కాడ ఎవలు ఎందుకు నిలవడ్డరో ఎవ్వలు అడుగరు.

నల్లమల_రాత్రి
బస్టాండు మంచిది. అచ్చంపేట, నాగర్‌కర్నూల్, దేవరకొండ అన్ని దిక్కులకెల్లి బస్సులుంటయ్. ఊరోడు ఎదురైతే బస్సు కోసం అని చెప్పొచ్చు. ఆదివారం పెడదామా?

జడ్చర్ల_జంక్షన్
ఆదివారం మటన్ రోజు, మటన్ అయినంక ఏముంటదో అందరికి తెలుసు. ఆ రోజు ఒక్కడు రాడు.

ఎర్రబస్సు
ఆదివారం వద్దు గాని దాని ముందు రోజు పెడితే మంచిది, శనివారం సాయంత్రం. ఆ రాత్రి దాటితే ఆదివారానికి బలం ఉంటది.

దేవరకొండ_మాస్టారు
శనివారం కొందరికి వారం, ఉపవాసం. మంగళవారం అనుకుంటే?

కైకిలి_లచ్చవ్వ
మంగళారం గింగళారం నాకు తెల్వదు, నాట్లు అయ్యే దాక ఏ రోజైనా పగటీలి కుదరదు. పొద్దుమూకినంక అయితే వస్త, మల్ల ఆఖరి బస్సు దొరకాలె.

వంగూరు_చిన్నోడు
మా దిక్కు ఆఖరి బస్సు టైము డిపోల అడుగుతున్న. ఆరింటికి మొదలువెట్టి ఏడింటికి ఇడిస్తే అవ్వకు అందుతదా చూసి రాత్రికి ఈడనే రాస్త.